ఆయన అనని మాట

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ పరాయి దేశపు రాజధానిలో దిగాను. దిగకముందే ఒక గొడవ.

రైల్లో టికెట్లు చూసేవాడు నా టికెట్ వెనకా ముందూ తిప్పి రెండుసార్లు చూశాడు. పక్క సీటులోని సూటు మనిషిది అడగనే లేదు. "ఆయన్నెందుకు అడగరు?" అన్నాను. "ఆయన రోజూ వస్తాడు" అన్నాడు. "రోజూ వచ్చేవాడికి రోజూ టికెట్ ఉంటుందని ఎవరు చెప్పారు మీకు?" అన్నాను. పెట్టె మొత్తం నా వైపు తిరిగింది. సూటు మనిషి టికెట్ తీసి చూపించాడు. ఉంది. అయినా సరే, నేనన్నది పద్ధతి గురించి, మనిషి గురించి కాదు.

స్టేషన్లో పిన్ని మెడకి మఫ్లరు చుట్టుకుని, ఒక అట్టముక్క పైకెత్తి నిలబడి ఉంది. నా పేరు రాసిందనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే "గొంతు పోయింది. తిట్లు ఇంటికెళ్ళాక" అని ఉంది. హాస్పిటల్లో దుబాసీ ఉద్యోగం చేసే మనిషికి గొంతు పోవడమేంటి! పద్నాలుగేళ్ళుగా రోగి మాట డాక్టరుకీ డాక్టరు మాట రోగికీ చెప్పీ చెప్పీ గొంతు లోపల వాచిందట. పది రోజులు గుసగుస కూడా వద్దన్నారట. ఈ సంగతంతా గుసగుసగానే చెప్పింది.

ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. బాబాయిది ఓడ మీద ఉద్యోగం, ఎండాకాలానికి గానీ రాడు. ఆయన మంచం నాకిచ్చింది. నా సంచి విప్పి, "బట్టలు రెండు జతలు, కాగితాలు రెండు కట్టలు. సెలవులకొచ్చావా, ఎన్నికలకొచ్చావా లీడరమ్మా?" అంది. అవి మా యూనివర్సిటీ గేటు దగ్గర పంచే కరపత్రాలనీ, రెండేళ్ళుగా ఒక్కటి కూడా పారేయకుండా దాచాననీ, మా తరగతిలో ఎవరికీ తెలియని సంగతులు వాటిల్లో ఉన్నాయనీ చెప్పాను. "ముందు తిను" అంది.

సెలవులు పది రోజులు. అందరిలా మ్యూజియాల ముందు ఫోటోలు దిగడానికి రాలేదు నేను. రేపు పొద్దున్నే కూడలికి వెళ్తాను. మిల్లు పనివాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మూడు పగళ్ళు నిలబడిన చోటు. కరపత్రంలో చదివినప్పటి నుంచీ ఆ చోటు నా కళ్ళముందే ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం

కూడలి లేదు.

మూడంతస్తుల కార్ల షెడ్డు ఉంది. కింద సెంట్ల కొట్టు. అడ్రసు తప్పేమోనని రెండుసార్లు చుట్టూ తిరిగాను. కాపలా మనిషిని "ఇక్కడ గుర్తుగా ఏదో ఉండాలి కదా?" అని అడిగితే, "మరుగుదొడ్డి అటుంది" అని చెయ్యి చూపించాడు. చివరికి టికెట్ మిషన్ వెనక దొరికింది. అరచెయ్యంత రాగి పలక. దానిమీద ఎవరో నమిలి అంటించిన గమ్ము. తాళంచెవితో గీకి తీశాను. కారులోంచి ఒక తల్లి తన పిల్లకి నన్ను చూపించి ఏదో అంది.

నమ్మలేకపోతున్నాను. ఒక్కరికైనా సిగ్గు లేదా?

సాయంత్రం పిన్ని దగ్గరికి ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, మనవాడే. హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీలో పని. పిన్ని "ఇస్త్రీ అన్నయ్య" అంటుంది. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. ఆరు వారాల క్రితం దుప్పట్ల రోలరులో చెయ్యి పడిందట. ఆ రోలరు మనిషి నిలువంత పొడవుంటుందట, లోపల నిప్పులా కాలుతూ తిరుగుతుంటుందట.

రేపు లేబర్ ఆఫీసులో ఆయనకి పని ఉంది. దెబ్బ ఎలా తగిలిందో ఆఫీసరమ్మకీ కంపెనీ మనిషికీ ఎదురుగా చెప్పాలి. ఆవిడ రాసుకుని సంతకం పెడితే ఆయన మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చు. ఇలాంటి చిన్న సమావేశాలకి ఆఫీసు దుబాసీని ఇవ్వదు, మనమే ఎవరినైనా తెచ్చుకోవాలి. పిన్ని వెళ్ళాల్సింది. పిన్నికి గొంతు లేదు.

ఇద్దరూ నా వైపు చూశారు.

"వస్తుందా నీకు ఆ భాష బాగా?" అన్నాడు ఆయన.

"ఆ భాషలోనే చదువుకుంటోంది, ఆ భాషలోనే పోట్లాడుతుంది" అని పిన్ని గుసగుస.

తర్వాత పిన్ని నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఆయన "నేను" అంటే నేనూ "నేను" అనాలి. "ఈయన ఇలా అంటున్నాడు" అనకూడదు. ఆ గదిలో నేను లేను, ఉన్నది ఆయన నోరే. కలపకూడదు, తీయకూడదు, సర్దకూడదు.

"తిడితే?"

"తిట్టు. ఒకసారి ఓ ముసలాయన డాక్టర్ని 'నీ బొంద' అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను."

"డాక్టరేమన్నాడు?"

"ఎవరు పోయారని అడిగాడు."

ఇస్త్రీ ఆయన పగలబడి నవ్వాడు. నవ్వితే కట్టు కదిలి నొప్పి పుట్టింది కాబోలు, నవ్వుతూనే "అబ్బా" అన్నాడు.

ఆయన చెప్పబోయేది ఒకసారి చెప్పి వినిపించాడు. బట్టీ పట్టినట్టు చెప్పాడు. "నాదే తొందర. దుప్పటి మడత పడితే సరిచేద్దామని చెయ్యి పెట్టాను. కాలింది. ఇప్పుడు నయమైంది. పనిలోకి పోతాను."

అంతే. నాలుగు ముక్కలు.

"నాదే తొందరా?" అన్నాను. "అక్కడ చెయ్యి లోపలికి పోకుండా ఏదో ఉండాలి కదా?"

"అడ్డుకడ్డీ ఉంటది. దానికి చెయ్యి తగిలితే మిషన్ టక్కున ఆగిపోద్ది."

"మరెందుకు ఆగలేదు?"

ఆయన పిన్ని వైపు చూశాడు. పిన్ని మఫ్లరు సర్దుకుంది. "దాని సంగతి వాళ్ళడగరు, నేను చెప్పను" అన్నాడు. ఇంకో పదకొండు నెలలు పని చేస్తే ఐదేళ్ళు నిండుతాయట. నిండితే ఇక్కడే ఉండిపోయే కాగితం ఇస్తారు. భార్యనీ కూతుర్నీ తెచ్చుకోవచ్చు. మధ్యలో పని ఒప్పందం తెగితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. "మా అమ్మాయి నేనొచ్చేటప్పుడు నా నడుందాకా వచ్చేది. ఇప్పుడు ఫోన్లో తల సగమే కనపడతాది, అంత పొడుగైంది" అన్నాడు.

వెళ్ళే ముందు తన మిషన్ ఫోటో చూపించాడు, ఎవరైనా కొత్త బండి కొని చూపించినట్టు. "ఇదే నా రోలరు." ఆ ఫోటోలో నేను చూశాను. అడ్డుకడ్డీని దిండుగలీబు చింపిన పేలికతో పైకి కట్టేసి ఉంది.

ఆయనకి తెలుసు. పిన్నికీ కనబడింది. ఇద్దరూ నోరెత్తలేదు.

తన చెయ్యి కాల్చిన మిషన్ని "నా రోలరు" అంటాడా మనిషి! పనివాడి భయం ఎంత లోతుకి పాతుకుంటుందో కరపత్రంలో చదివాను. ఇవాళ ఆ భయమే కట్టు కట్టుకుని ఎదురుగా కూర్చుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

చెప్పాను!

కోటు కూడా విప్పలేదు. ముందు ఇది రాయాలి.

మూడో అంతస్తు గది. గుండ్రటి బల్ల. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడే ఆఫీసరమ్మ, ఒక పలచటి ఫైలుతో కంపెనీ మనిషి. ఆవిడ అడిగింది, ఎలా జరిగిందని. ఇస్త్రీ ఆయన తన నాలుగు ముక్కలూ చెప్పాడు. నేల చూస్తూ చెప్పాడు. ఆ తల వంచడం చూశాక నాకు ఆగలేదు.

నేనిలా చెప్పాను. "నా మిషన్‌కి అడ్డుకడ్డీ పేరుకే ఉంది. పని ఆగకూడదని దాన్ని కట్టేసి మాచేత చేయిస్తారు. నా చెయ్యి కాలింది నా తొందర వల్ల కాదు. అది సరిచేసేదాకా నేను ఆ గదిలో అడుగు పెట్టను."

గొంతు వణకలేదు. ఒక్క మాట తడబడలేదు.

ఆఫీసరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కంపెనీ మనిషి ఫైలు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఫిర్యాదు చేశావా?" అని ఇస్త్రీ ఆయన్నే అడిగాడు. నేను ఆయనతో, "మీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాడు" అన్నాను. ఆయన మొహం విప్పారింది. కట్టున్న చెయ్యీ కట్టు లేని చెయ్యీ రెండూ జోడించి, "చల్లగా చూశారు, మీ పుణ్యాన బాగానే ఉన్నానని చెప్పమ్మా" అన్నాడు.

"భయపెట్టారు. అందుకే ఫిర్యాదు చేయలేదు" అన్నాను.

ఆయన చేతులింకా జోడించే ఉన్నాయి. కంపెనీ మనిషి ఆ చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆఫీసరమ్మ చాలాసేపు రాసింది. చివర్న, "ఇలా చెప్పడానికి ధైర్యం కావాలి" అంది. నేను ఆయనతో, "రాసుకున్నాం, వెళ్ళొచ్చు అంటోంది" అన్నాను.

మెట్లు దిగుతూ ఆయన అడిగాడు. "నేను నాలుగు ముక్కలు చెప్తే నువ్వంతసేపు చెప్పావేంటమ్మా?"

"వాళ్ళ భాషలో పొడుగవుతుంది" అన్నాను.

"అట్టాగా" అన్నాడు. వీధి చివర నాకు టీ ఇప్పించాడు. ఎడమచేత్తో కప్పు పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు, సగం సాసర్లోనే పడింది. "నీకు పుణ్యముంటాది తల్లీ" అన్నాడు.

నిజం చెప్పాను. ఆయన నోట్లో ఇరుక్కున్నది బయటికి తీశాను, అంతే. నేను లేకపోతే ఆ గదిలో నిజం పుట్టేదే కాదు.

పిన్ని "ఎలా జరిగింది?" అని అట్టముక్క మీద రాసింది. కింద నేను "బాగా" అని రాశాను.

ఫిబ్రవరి 12, బుధవారం

పొద్దున నగరం చూశాను. పార్లమెంటు, నది మీది మూడు వంతెనలు, పెద్ద గ్రంథాలయం. అన్నీ నావే అన్నట్టు నడిచాను. పార్లమెంటు మెట్ల మీద కూర్చుని బిస్కట్లు తింటే పోలీసు లేవమన్నాడు. లేవలేదు. రెండోసారి చెప్పాక లేచాను.

నాలుగింటికి ఇంటికొచ్చేసరికి వంటగదిలో ఇస్త్రీ ఆయన కూర్చుని ఉన్నాడు. కోటు విప్పలేదు.

ఉదయం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరు లాండ్రీకి వచ్చాడట. విచారణ తేలేదాకా అని ఇస్త్రీ గదికి తాళం వేశారట. అందులో పనిచేసే తొమ్మిది మంది ఆడవాళ్ళని ఇళ్ళకి పంపేశారు. ఈయన ఒప్పందం ఆపేశారు. "నీ కోరిక మీదే" అన్నారట గేటు దగ్గర.

"నా కోరికేంటి? నేనేం కోరాను?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అయోమయం. "నేనేం తప్పు మాట్లాడాను చెల్లెమ్మా? పుణ్యాన అన్నాను. అది వాళ్ళ భాషలో తప్పు మాటేమోనా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"మరి తొందర అన్నాను. తొందర పడేవాడు పనికి పనికిరాడనుకున్నారా?" నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, నువ్వు అక్కడే ఉన్నావుగా. నేనేం తప్పుగా అన్నాను?"

"ఏమీ అనలేదు" అన్నాను.

అది నిజమే.

ఫిబ్రవరి 13, గురువారం

చెప్పలేదు. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

చెప్పే అవసరం రాలేదు.

ఆయనుండే చోట ఉత్తరాలు పోతుంటాయని లేబర్ ఆఫీసుకి పిన్ని అడ్రసు ఇచ్చాడట. మంగళవారం జరిగినదంతా టైపు చేసిన కాగితాలు పది గంటల పోస్టులో వచ్చాయి. పిన్ని వంటగది బల్ల దగ్గర నిలబడి చదివింది. మొదటి పేజీ చదివి కూర్చుంది. రెండో పేజీ చదివి మఫ్లరు తీసేసింది.

"నాలుగేళ్ళుగా ఆయన మాట వింటున్నాను" అంది. గుసగుస కాదు, విరిగిన గొంతు. "'అడుగు పెట్టను' అనే మాట ఆయన నోట్లో పుట్టదు."

కాగితం నా వైపు తిప్పింది.

"ఇది చూడు." వేలు పెట్టి చదివింది. "'మా రక్తంతో మీ దుప్పట్లు తెల్లబడుతున్నాయి.' దుప్పట్లు ఇస్త్రీ చేసేవాడు అనే మాటేనా ఇది? రక్తం పడితే దుప్పటి తెల్లబడదని వాడికి తెలీదా? మళ్ళీ ఉతకాలని తెలీదా?"

ఆ వాక్యం కూడా అన్నాను. అన్న సంగతి 11న ఇక్కడ రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదో నాకు తెలీదు.

"కానీ పిన్నీ, కడ్డీ కట్టేసిన మాట నిజం! నువ్వూ చూశావు ఫోటోలో!"

"చూశాను."

"చూసి ఊరుకున్నావా? పద్నాలుగేళ్ళు వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నది ఊరుకోవడమేనా? నువ్వూ వాళ్ళ మనిషివే అయిపోయావు!"

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి నా సంచిలోంచి కరపత్రాల కట్ట తెచ్చి బల్ల మీద ఆ టైపు కాగితాల పక్కన పెట్టింది. "కలిపి చదువు" అంది. "ఎవరి మాట ఎక్కడుందో నువ్వే చూసుకో."

చదివాను. ఆయన మాట ఎక్కడా లేదు. ఒక్కటి కూడా. కాగితం పైన ఆయన పేరు ఉంది.

చివర చిన్న అక్షరాల్లో ఉంది, తప్పులుంటే సోమవారం లోపు వచ్చి సరిచేయించుకోవాలని. సోమవారం దాటితే ఒప్పందం తెగినట్టే.

"ఎవరు చెప్తారు ఆయనకి?" అన్నాను.

"నాకు గొంతు లేదు" అంది పిన్ని. "నీకుంది."

ఫిబ్రవరి 15, శనివారం

వెళ్ళాను. ఇది రాయడం కష్టంగా ఉంది. అయినా ఈసారి ఏదీ వదలను.

ఆయనుండేది ఒక గది, అందులో రెండేసి అంతస్తుల మంచాలు నాలుగు. హీటరు మీద తడి సాక్సులు వరసగా. అందరూ పనికి పోయారు. ఆయన ఒక్కడే ఎడమచేత్తో చొక్కా బొత్తాలతో కుస్తీ పడుతున్నాడు. నన్ను చూసి, "రా తల్లీ, మీ పిన్ని గొంతెలా ఉంది?" అన్నాడు. ఉన్న ఒక్క కుర్చీ మీది బట్టలు తీసి నాకు చోటు చేశాడు.

నిలబడే చెప్పాను.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.

"నాదే తొందరంటే, కాదన్నావు."

"అవును."

"పనిలోకి పోతానంటే, పోనన్నావు."

"అవును."

"మరి దండం పెట్టానుగా?"

"భయపెట్టారన్నాను."

ఆయన నవ్వాడు. నిజంగా నవ్వాడు. "అందుకా! అందుకా ఆ కంపెనీ ఆయన నా చేతుల వంక అట్టా చూశాడు. చెయ్యి కాలితే బుర్ర కూడా కాలిందనుకునుంటాడు." నవ్వి నవ్వి, మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నాక నవ్వు ఆగిపోయింది.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. ఊరుకోవడం నాకెప్పుడూ చేతకాదు. "నేను నిజమే చెప్పాను. మీరు భయపడుతున్నారనుకున్నాను. మీ తరఫున ఎవరో ఒకరు…"

"ఎవరో ఒకరు?" అన్నాడు.

ఫోను తీశాడు. బొటనవేలితో ఒక్కొక్క ఫోటో జరుపుతూ నా ముందు పెట్టాడు. అదే రోలరు. అదే పేలిక. పక్కన గోడ మీద తారీకు బోర్డు. జరిపాడు. అదే రోలరు, ఇంకో నెల. జరిపాడు. పేలిక రంగు మారింది, తారీకు మారింది. ఇరవై ఆరు ఫోటోలు.

"నెలకొకటి. ఒకటో తారీకున. ఎవరైనా చూస్తే నా మిషన్ నాకు ముద్దంటాను. పిచ్చోడని వదిలేస్తారు. పదకొండు నెలలాగితే కాగితం చేతికొస్తాది. ఆ పైన నన్నెవడూ కదపలేడు. ఆ రోజు ఇవి పట్టుకుని అదే ఆఫీసుకి, ఆవిడ దగ్గరికే పోదామనుకున్నా. ఆడోళ్ళు తొమ్మిది మందీ సంతకాలు పెడతామన్నారు. మాట మీ పిన్ని చెప్తానంది."

నాకు కుర్చీ దొరికింది. కూర్చున్నాను.

"ఆ నాలుగు ముక్కలూ నేనూ మీ పిన్నీ రెండు వారాలు కూర్చుని ఏరుకున్నాం తల్లీ. అందులో కడ్డీ లేదు. ఉందనీ లేదు, లేదనీ లేదు. ఎందుకో తెలుసా? రేపు ఈ ఫోటోలు చూపించినప్పుడు, 'ఆ రోజు బాగుందన్నావుగా' అని నన్ను పట్టుకోకుండా. అబద్ధం చెప్పకుండా, నిజం బయటపెట్టకుండా, సందులోంచి నడిచే మాట అది."

"నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

"చెప్తే?" అన్నాడు. అడిగాడంతే. చెబితే కూడలిలో అరిచేదాన్ని.

బుధవారం ఇన్‌స్పెక్టరు గేటులో ఉండగానే ఆడవాళ్ళు భయపడి పేలిక విప్పి డ్రైనులో పడేశారట. ఇన్‌స్పెక్టరు చూసేసరికి కడ్డీ కిందికి దిగి బుద్ధిగా ఉంది. ఇప్పుడు నా మాట దొంగ ఫిర్యాదు కింద లెక్క. నా మాట కాదు. ఆయన మాట.

"సోమవారం పోయి, కడ్డీ ఎప్పుడూ కిందికే ఉందని నా నోటితో చెప్పాలి. అట్టా రాసిచ్చినాక ఇవి ఎవరికి చూపించను?" ఫోను తిరగేసి మంచం మీద పెట్టాడు. "అది నా మాట. రెండేళ్ళు దాచుకున్నా. నువ్వు దాన్ని తీసుకుపోయి, పనికిరాని రోజున వాడేశావు."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

లేచి వస్తుంటే, "ఒక్క నిమిషం" అన్నాడు. ఏమంటాడో అని ఆగాను. "ఆ పై బొత్తాం పెట్టి పో తల్లీ. ఒంటిచేత్తో రావట్లేదు."

పెట్టాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

నేను చెప్పింది నిజమే. నిజమే కదా. ఇరవై ఆరు ఫోటోలున్నాయి, నిజమే.

కరపత్రాలు తెరిచాను. "నోరులేని వాళ్ళ గొంతుక మనమే" అని ఉంది మొదటి పేజీలో. ఇంకో పేజీకి పోలేకపోయాను.

పిన్ని తలుపు దగ్గర నిలబడి అంది. "నీకు ముందే చెప్పి ఉండాల్సింది. చెబితే నువ్వు కరపత్రం వేస్తావని చెప్పలేదు. నా తప్పూ ఉంది."

"లేదు" అన్నాను.

"ఉంది. కలపకు, తీయకు" అంది.

రేపటి కోసం రెండు పేజీలు రాసి పెట్టుకున్నాను. ఇది కావాలనే చేశానని, నా విశ్వాసాల వల్ల చేశానని, ఆయనకి ఏ సంబంధం లేదని, ఏ శిక్షకైనా సిద్ధమని. యూనివర్సిటీ నుంచి పంపేస్తే పంపేస్తారు. నాలుగుసార్లు తిరగరాశాను. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆఫీసు బయట బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. నేను నా రెండు పేజీలు తీశాను. ఇస్త్రీ ఆయన పిన్నిని "ఏముంది అందులో?" అని అడిగాడు. పిన్ని మెల్లగా మన భాషలో చెప్పింది, ఒక్క మాట కలపకుండా. విన్నాడు.

"మళ్ళీ నీ గొడవేనా తల్లీ?" అన్నాడు.

"నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను!"

"ఒప్పుకో. కానీ కావాలనే అన్నానంటే, ఎవరు అనమన్నారని అడుగుతారు. కడ్డీ సంగతి నీకెట్టా తెలుసంటారు. ఫోనేదంటారు. భాష సరిగ్గా రాదు, తెలీక అన్నానని రాయి. గొడవ అక్కడితో తెగిపోద్ది."

"నాకు భాష వచ్చు!"

నా కేక వరండా చివరిదాకా వెళ్ళింది. గుమాస్తా ఒకడు తల బయటపెట్టి చూశాడు.

"వచ్చు" అన్నాడు ఆయన. "రాదని రాయి. ఈసారైనా నేను చెప్పింది చెప్పు."

రెండు పేజీలూ పిన్ని నా చేతిలోంచి తీసుకుంది. మడిచి తన సంచిలో పెట్టుకుంది.

లోపల అదే గుండ్రటి బల్ల. పిన్ని ఆయన పక్కన కూర్చుంది. డాక్టరు చూస్తే ఏమంటాడో గానీ, ఆ బొంగురు గొంతుతోనే మొదలుపెట్టింది. ఆఫీసరమ్మ అడిగింది, "అడ్డుకడ్డీని కట్టేయడం మీరెప్పుడైనా చూశారా?" పిన్ని ఆ ప్రశ్న ఆయనకి చెప్పింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఫోను ఆయన చొక్కా జేబులోనే ఉంది, పలచటి గుడ్డలోంచి దాని అంచు కనబడుతోంది. తల వంచలేదు ఈసారి. సూటిగా ఆవిడని చూసి, "చూడలేదు" అన్నాడు.

"నేను చూడలేదు" అని చెప్పింది పిన్ని.

కంపెనీ మనిషి రాసుకున్నాడు. ఆఫీసరమ్మ రాసింది. ఆవిడ కలం కదిలినంతసేపూ నా వేళ్ళు బల్ల అంచుని పట్టుకునే ఉన్నాయి. అరవకూడదు. నేను అరవకూడదు. ఇరవై ఆరు నెలలు ఒక్క వాక్యంలో పోతున్నాయి, నేను అరవకూడదు.

రేపటి నుంచి పనిలోకి వెళ్ళొచ్చంది. లెక్క తెగలేదు. ఆడవాళ్ళనీ పిలుస్తారు. పిన్ని అది చెప్పగానే ఆయన కళ్ళు మూసి తెరిచాడు.

తర్వాత ఆఫీసరమ్మ నా వైపు ఒక కాగితం తోసింది. పొరపాటుకి కారణం రాయాలి. భాష సరిగ్గా రాకపోవడం వల్ల అని రాశాను. నా అక్షరాలు ఎప్పుడూ గుండ్రంగా వస్తాయి. కావాలని వంకర చేశాను.

ఆవిడ చదివి నవ్వింది. జాలి నవ్వు. పిన్నితో, "నాకా రోజే అనుమానం వచ్చింది. ఆయన నాలుగు మాటలంటే ఈ అమ్మాయి నలభై అంది. రానివాళ్ళు ఇలాగే ఊహించి నింపేస్తారు. చిన్నపిల్ల, పోనివ్వండి" అంది. ప్రతి మాటా నాకు అర్థమైంది. మెడ దాకా వేడెక్కింది.

ఇస్త్రీ ఆయన మన భాషలో, పెదవులు కదలకుండా, "తల ఊపకు. అర్థమైపోయిందనుకుంటాది" అన్నాడు.

ఆఫీసరమ్మ నా వైపు వంగింది. కాగితం అడుగున ఉన్న గీత మీద వేలు పెట్టి, చెవిటి మనిషితో మాట్లాడినట్టు గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా పలికింది. గాల్లో కలంతో రాస్తున్నట్టు చెయ్యి తిప్పి చూపించింది కూడా. ఆ గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

నేను పిన్ని వైపు తిరిగి, "ఏమంటోంది?" అని అడిగాను.